పేరు కార్టూన్‌ది, ఆట ఎవరిది?

నా దగ్గరున్న పాత గేమ్ క్యాసెట్లలో సగానికి పైగా కార్టూన్ల మీద తీసినవే. రెట్రో గేమ్స్ సేకరించే వాళ్ళ దగ్గర ఈ మాట అంటే ఒక రకంగా చూస్తారు. వాళ్ళ అరల్లో మారియో, జెల్డా, ఫైనల్ ఫాంటసీ ఉంటాయి, నా అరలో బాతులు, ఉడతలు, కుందేళ్ళు, బక్కచిక్కిన తోడేళ్ళు ఉంటాయి. "లైసెన్స్ గేమ్స్ అన్నీ చెత్తే కదా" అని మొదలుపెడతారు. నిజం చెప్పాలంటే ఆ మాట సగం కరెక్టే. ఎనభైల చివర్లోనూ తొంభైల్లోనూ టీవీలో ఏ కార్టూన్ హిట్టయితే దాని పేరు కొనేసి, పెట్టె మీద మంచి బొమ్మ వేసి, లోపల చేతికందిన ఆట ఒకటి పెట్టి అమ్ముకున్న కంపెనీలు బోలెడు. పైన పటారం లోన లొటారం. పిల్లలు పెట్టె మీద బొమ్మ చూసి మారాం చేస్తారు, పెద్దవాళ్ళు కొంటారు, ఇంటికెళ్ళి ఆడి చూసేసరికి డబ్బులు పోయి ఉంటాయి, అదీ ఆ వ్యాపారం.

కానీ మిగిలిన సగం ఉంది చూశారూ, నేను వెంటపడేది దాని కోసం.

రివ్యూ రాసేటప్పుడు నేను పెట్టే పరీక్ష ఒకటే. తెర మీదున్న కార్టూన్ బొమ్మని మనసులో చెరిపేసి, దాని బదులు ఒక తెల్ల చదరం పెట్టుకోండి. ఆ చదరం నడిచే తీరు, దూకే తీరు, కొట్టే తీరు, భయపడే తీరు చూసి అది ఎవరో చెప్పగలిగితే అది నిజంగా కార్టూన్ గేమ్. చెప్పలేకపోతే అది మామూలు గేమే, స్టిక్కర్ ఒక్కటే కార్టూన్‌ది. గ్రాఫిక్స్ బాగున్నాయా, టైటిల్ పాట టీవీలో లాగే వచ్చిందా, ఇవన్నీ నాకు ఆ తర్వాతి సంగతులు. చాలామంది రివ్యూల్లో ఇవే ముందుంటాయి, అందుకే చూడ్డానికి బాగుండి ఆడ్డానికి పేలవంగా ఉండే గేమ్స్‌కి ఇప్పటికీ మంచి మార్కులు పడుతుంటాయి.

ఈ పరీక్షలో నా దగ్గర మొదటి ర్యాంకు 1989లో క్యాప్‌కామ్ తీసిన డక్‌టేల్స్‌ది. నింటెండో 8-బిట్ మెషీన్ మీద వచ్చింది. అందులో డబ్బంటే ప్రాణమిచ్చే ముసలి బాతు అంకుల్ స్క్రూజ్ చేతికర్రని కిందకి గుచ్చి, దాని మీద స్ప్రింగు లాగా ఎగురుకుంటూ పోతాడు. శత్రువు మీద దిగితే శత్రువు ఔట్, ముళ్ళ మీద దిగినా కర్రే తగులుతుంది కాబట్టి ఆయనకేం కాదు. టీవీలో స్క్రూజ్ ఇలా ఎగరడం ఆ సిరీస్‌లో ముఖ్యమైన విషయమేమీ కాదు, ఇది గేమ్ తీసినవాళ్ళ ఆలోచన. అయినా చూడగానే "అవును, ఈ ముసలాయన ఇలాగే ఉంటాడు" అనిపిస్తుంది. వయసు మీదపడినా ఒంట్లో పొగరు తగ్గని మనిషి, చేతికర్రని కూడా ఊరికే పట్టుకోకుండా దానితో పని చేయించుకునే మనిషి. ఒక్క బటన్ నొక్కుతో పాత్ర స్వభావం మొత్తం చేతిలోకి వచ్చేస్తుంది.

ఇంకోటి, అందులో ఎక్కడ చూసినా వజ్రాలే. కొన్ని కనపడవు, గాల్లో ఫలానా చోటికి ఎగిరితేనే బయటికొస్తాయి. దాంతో కాసేపు ఆడగానే మనం కూడా ప్రతి మూలా, ప్రతి ఖాళీ గోడా కర్రతో తడిమి చూడటం మొదలుపెడతాం. లెవెల్ అయిపోయింది కదా వెళ్ళిపోదాం అనిపించదు, ఇంకా ఏదో మిగిలిపోయిందేమో అనే యావ. అంటే గేమ్ మనల్ని స్క్రూజ్‌ని చేసేసింది! ఆఖర్లో దగ్గర ఎంత డబ్బుందో చూసి ముగింపు కూడా మారుస్తారు. అమెజాన్, ట్రాన్సిల్వేనియా, ఆఫ్రికా గనులు, హిమాలయాలు, చంద్రుడు, ఐదు చోట్లకీ మనకి నచ్చిన వరసలో పోవచ్చు. హిమాలయాల్లో మెత్తటి మంచు మీద అలా ఎగరబోతే కర్ర దిగబడిపోయి ఆయన కాసేపు ఇరుక్కుంటాడు, అంతసేపూ గేమ్ నేర్పిన అలవాటునే గేమ్ ఎగతాళి చేస్తుంది. నాకు ఆ గేమ్‌లో అన్నిటికన్నా నచ్చిన జోకు అదే. చంద్రుడి లెవెల్ సంగీతం గురించి కొత్తగా చెప్పేదేముంది, హిరోషిగె తొనొమురా కట్టిన ఆ బాణీని గేమ్ ఆడనివాళ్ళు కూడా హమ్ చేస్తారు. ఆ చిన్న సౌండ్ చిప్‌తో అంత దిగులూ అంత హుషారూ ఒకేసారి ఎలా పలికించాడో ఇప్పటికీ ఆశ్చర్యమే.

2013లో వేఫార్వర్డ్ వాళ్ళు దీన్ని కొత్త బొమ్మలతో రీమాస్టర్ చేశారు. స్క్రూజ్‌కి టీవీలో గొంతిచ్చిన అలన్ యంగే మళ్ళీ గొంతిచ్చారు, అప్పటికి ఆయన తొంభై దాటినవారు. ఆయన గొంతు వినడానికైనా ఒకసారి ఆడాలి. కానీ మధ్యమధ్యలో ఆట ఆపి కథ చెప్తూనే ఉంటారు, రెండోసారి ఆడేటప్పుడు ఆ మాటలు విసుగు. పాత గేమ్‌కి కథ చెప్పే తీరికే లేదు, అది దానికి మేలే చేసింది.

అదే క్యాప్‌కామ్ 1990లో తీసిన చిప్ అండ్ డేల్ రెస్క్యూ రేంజర్స్ ఒంటరిగా ఆడితే పర్వాలేదు అనే గేమ్, ఇద్దరు ఆడితే పొట్ట చెక్కలయ్యే గేమ్. కనపడిన చెక్కపెట్టెనల్లా ఎత్తి విసరడమే ఆట. ఆ పెట్టె కిందే దాక్కోవచ్చు కూడా, బుల్లి ఉడతలకి సరిగ్గా సరిపోయే ఐడియా. ఇద్దరు ఆడేటప్పుడు ఒకడు ఇంకొకణ్ణి ఎత్తి విసిరెయ్యొచ్చు. ఈ ఒక్క అవకాశం వల్ల ఆట మొత్తం మారిపోతుంది. సాయం చేద్దామని మొదలైనవాళ్ళు కాసేపటికి ఒకళ్ళనొకళ్ళు గోతుల్లోకి విసురుకుంటారు, తిట్టుకుంటారు, మళ్ళీ కలిసిపోతారు. టీవీలో ఆ ఇద్దరు స్నేహితులు చేసేది కూడా అదే. దీనికి కష్టం తక్కువని కొందరు మార్కులు కోస్తారు, నాకైతే అది తప్పనిపించదు, ఇద్దరు కొట్టుకుంటూ ఆడే గేమ్‌కి ఆ మాత్రం వెసులుబాటు ఉండాలి.

డార్క్‌వింగ్ డక్ 1992లో వచ్చింది, ఆడుతుంటే క్యాప్‌కామ్ వాళ్ళదే అయిన రోబో గేమ్ మెగా మ్యాన్‌కి తమ్ముడిలా ఉంటుంది. బాగుంటుంది, కానీ తెల్ల చదరం పెడితే అది మెగా మ్యాన్ అనే అంటారు. టోపీ, కేప్ ఉన్నాయి, కేప్ అడ్డుపెట్టుకుని బుల్లెట్లు ఆపుకోవడం కూడా ఉంది, కానీ ఆ బాతులో ఉండే డాంబికం ఆటలో లేదు. 1991 టేల్‌స్పిన్‌లో విమానాన్ని తలకిందులు చేస్తే వెనక్కి తిరిగి కాల్చొచ్చు, తెర కూడా వెనక్కి జరుగుతుంది, ఐడియా గొప్పది, ఆట మాత్రం నత్తనడక. ఈ నాలుగూ, డక్‌టేల్స్ 2, రెస్క్యూ రేంజర్స్ 2 కలిపి 2017లో ఒకే ప్యాక్‌గా వచ్చాయి. అందులో తప్పు చేస్తే వెనక్కి తిప్పుకునే సౌకర్యం ఉంది. అసలు క్యాసెట్ల వెంట పడే ఓపిక లేనివాళ్ళకి అదే నయం. డక్‌టేల్స్ 2 అసలు క్యాసెట్ కోసం చూస్తే కళ్ళు తిరుగుతాయి, ఎందుకంటే అది 1993లో వచ్చింది, అప్పటికి జనం తర్వాతి తరం 16-బిట్ మెషీన్లకి మారిపోయారు, అమ్ముడుపోయినవే తక్కువ. సేకరించే వాళ్ళందరికీ తెలిసిన సూత్రం ఇది, మెషీన్ చివరి రోజుల్లో వచ్చిన గేమ్ మంచిదైనా చెడ్డదైనా అరుదైపోతుంది. టైటో వాళ్ళు 1994లో అదే నింటెండో మెషీన్ మీద వదిలిన ఫ్లింట్‌స్టోన్స్ రెండో గేమ్, అదే సర్‌ప్రైజ్ ఎట్ డైనోసార్ పీక్, సేకరణదారులకి నిద్ర పట్టనివ్వని సరుకు. నిజానికి గేమ్ బాగుంటుంది కూడా, కానీ దొరికినవాళ్ళలో ఎంతమంది ఆడతారో నాకు అనుమానమే, గాజు పెట్టెలో పెట్టేస్తారు.

కాస్త వెనక్కి వెళ్దాం. కార్టూన్‌కీ వీడియో గేమ్‌కీ ఉన్న చుట్టరికం లైసెన్సుల కంటే లోతైనది. 1981లో డాంకీ కాంగ్ తయారవుతున్నప్పుడు నింటెండో డిజైనర్ షిగెరు మియమోటో మనసులో ఉన్నది పొపాయ్. పొపాయ్, ఒలివ్, ఆమెని ఎత్తుకుపోయే ఆ గడ్డం లావుపాటివాడు, ఈ ముగ్గురితో ఆట. హక్కులు దొరకలేదు. దాంతో లావుపాటివాడి స్థానంలో గొరిల్లా, ఒలివ్ స్థానంలో ఇంకో అమ్మాయి, పొపాయ్ స్థానంలో ఒక మీసాల వడ్రంగి వచ్చారు, ఆ వడ్రంగే తర్వాత మారియో అయ్యాడు. అంటే ప్రపంచంలోకెల్లా పేరున్న గేమ్ హీరో ఒక కార్టూన్ పేరు దొరక్కపోవడం వల్ల పుట్టాడు. తర్వాత హక్కులు దొరికి 1982లో నింటెండో పొపాయ్ ఆర్కేడ్ గేమ్ తీసింది. 1983 జులై 15న జపాన్‌లో ఫామికామ్ (ఆ నింటెండో 8-బిట్ మెషీన్‌కి అక్కడి పేరు) మొదలైనప్పుడు దాంతోపాటు వచ్చిన మూడు గేమ్స్‌లో అదొకటి, మిగతా రెండూ డాంకీ కాంగ్, డాంకీ కాంగ్ జూనియర్.

ఆ పొపాయ్ గేమ్‌లో హీరో దూకలేడు. మెట్లెక్కడం, దిగడం, గుద్దడం, అంతే. ఒలివ్ పైనుంచి గుండెలు విసురుతుంది, అవి నీళ్ళలో పడి మునిగేలోపు ఏరుకోవాలి, ఆ లావుపాటివాడు వెంటపడి పైమెట్టు మీదకి కూడా చెయ్యి చాపుతాడు. వాణ్ణి మామూలుగా ఏమీ చెయ్యలేం, పరిగెత్తడమే. పాలకూర డబ్బాని గుద్దాక మాత్రం సంగీతం మారుతుంది, ఒళ్ళు ఎర్రబడుతుంది, ఇప్పటిదాకా తరిమినవాడు పారిపోవడం మొదలుపెడతాడు. ఆ కార్టూన్ ప్రతి ఎపిసోడూ ఇంతే కదా, సగంసేపు తన్నులు తినడం, పాలకూర, తర్వాత లెక్క సరిచెయ్యడం. మూడే మూడు తెరల గేమ్, కార్టూన్‌ని పూర్తిగా పట్టుకుంది. ఆ రోజుల్లో దూకే ఆటలు బాగా నడుస్తున్నా ఇందులో దూకడం పెట్టకపోవడమే తెలివి.

ఇప్పుడు దీనికి పూర్తిగా వ్యతిరేకమైన కథ. కెంకో అనే జపాన్ కంపెనీ 1989లో రోజర్ రాబిట్ అనే సినిమా కుందేలు పేరు మీద ఒక గేమ్ తీసింది, కోటలో తిరుగుతూ గుండెలు ఏరుకోవడం. అమెరికాకి తెచ్చేసరికి ఆ హక్కులు అక్కడ వేరేవాళ్ళ దగ్గరున్నాయి. ఏం చేశారు? కుందేలుని మార్చారు. గుండెలు క్యారెట్లయ్యాయి, రోజర్ రాబిట్ బగ్స్ బన్నీ అయ్యాడు, పేరు బగ్స్ బన్నీ క్రేజీ కాజిల్. జపాన్‌లో, చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ మీద అదే ఆట మిక్కీ మౌస్ పేరుతో వచ్చింది. అక్కడితో ఆగారా, లేదు. జపాన్‌లో మిక్కీ మౌస్ మూడో భాగంగా వచ్చిన ఫామికామ్ గేమ్ అమెరికాలో కిడ్ క్లౌన్ అనే బఫూన్ పిల్లాడి గేమ్ అయింది. నాలుగోది ఇంకా విచిత్రం: జపాన్‌లో మిక్కీ, అమెరికాలో రియల్ ఘోస్ట్‌బస్టర్స్, యూరప్‌లో గార్ఫీల్డ్. ఒకే ఆట, ఒకే గోడలు, ఒకే గోతులు! ఎలుక నడిచిన చోటే దెయ్యాలు పట్టేవాళ్ళు నడుస్తారు, అదే చోట లావుపాటి పిల్లి కూడా నడుస్తుంది. 2002లో గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద ఐదో క్రేజీ కాజిల్ వచ్చేసరికి అందులో ఉన్నది వుడీ వుడ్‌పెకర్ అనే వడ్రంగిపిట్ట.

నా పరీక్ష ప్రకారం ఈ సిరీస్‌కి గుండుసున్నా. తెల్ల చదరం ఎవరైనా కావచ్చు, వాళ్ళే అలా అమ్మారు కదా. కానీ ఇక్కడే నాకు చిక్కు. క్రేజీ కాజిల్ ఆడుతుంటే భలే ఉంటుంది. ఇందులో కూడా దూకడం లేదు, పైపుల్లో దూరుతూ, తలుపుల్లోంచి మాయమవుతూ, మెట్ల మీద నుంచి బరువులు తోసి కింద ఉన్నవాడి నెత్తిన వేస్తూ, ఎటు పోతే దొరికిపోతానా అని లెక్కలు వేసుకోవడమే. 60 లెవెల్స్, పాస్‌వర్డ్ రాసుకుని ఆపుకోవచ్చు, పని మధ్యలో కాసేపు ఆడటానికి ఇంతకంటే మంచి క్యాసెట్ లేదు. సంగీతం మాత్రం అదే ముక్క తిరిగి తిరిగి వస్తుంది, సౌండ్ తీసేయండి. అందుకని రివ్యూలో రెండు మార్కులు వేస్తాను: ఆటగా ఎంత, కార్టూన్‌గా ఎంత. క్రేజీ కాజిల్‌కి మొదటిది ఎక్కువ, రెండోది సున్నా. సేకరణలో మాత్రం నాకు చాలా ఇష్టమైన మూల ఇదే, ఎందుకంటే ఒకే ఆట వేసుకున్న వేషాలన్నీ పక్కపక్కన పెట్టుకుంటే, లైసెన్స్ వ్యాపారం ఎలా నడిచిందో ఏ వ్యాసమూ చదవకుండా తెలిసిపోతుంది.

సరే, టామ్ అండ్ జెర్రీ. దీని గురించి మాట్లాడితే నాకు బీపీ పెరుగుతుంది. 1940 నుంచి నడుస్తున్న కార్టూన్, ప్రపంచంలో భాష రానివాళ్ళకి కూడా అర్థమయ్యే కార్టూన్, అసలు దాని నిర్మాణమే ఒక వీడియో గేమ్. ఒక ఇల్లు, ఇద్దరు, ఒకడు తరమాలి, ఒకడు తప్పించుకోవాలి, చేతికందిన వస్తువల్లా ఆయుధం. ఇంత సులువుగా చేతికిచ్చిన దాన్ని పట్టుకుని 1991లో నింటెండో గేమ్ ఏం చేసింది? జెర్రీ చేతికి గోళీలు ఇచ్చి, కుడివైపుకి నడిపించి, పురుగుల్నీ పుట్రల్నీ కొట్టించింది. టామ్ అప్పుడప్పుడూ చివర్లో బాస్‌లా కనిపిస్తాడు. టామ్ లేని టామ్ అండ్ జెర్రీ! 1993లో సూపర్ నింటెండో మీద వచ్చినదాంట్లో బొమ్మలు పెద్దవయ్యాయి, రంగులు పెరిగాయి, మళ్ళీ అవే గోళీలు, మళ్ళీ కుడివైపు నడక. ఇన్నేళ్ళ కార్టూన్‌లో జెర్రీ గోళీలు విసురుకుంటూ ఊరూరా తిరిగింది ఎప్పుడు? ఆ రోజుల్లో అందరూ మారియోలా అమ్మాలనుకున్నారు, ఏ పాత్ర దొరికినా దాన్ని తీసుకెళ్ళి ఆ అచ్చులో పోసేవారు, దానివల్ల బాగా నష్టపోయింది ఈ జంటే.

ఇది సరిగ్గా రావడానికి 2000 దాకా ఆగాల్సి వచ్చింది. నింటెండో 64 మీద వచ్చిన ఫిస్ట్స్ ఆఫ్ ఫర్రీలో ఒక గది ఇస్తారు, ఇద్దరిని వదులుతారు, కుర్చీలు, పెనాలు, కనపడిందల్లా ఎత్తి నెత్తిన కొట్టడమే. విమర్శకులు పెద్దగా మెచ్చుకోలేదు, గేమ్ చిన్నదే, కెమెరా ఒక్కోసారి ఏడిపిస్తుంది. నాకు అవేమీ పట్టలేదు. పెనంతో కొడితే వచ్చే ఆ శబ్దం కోసం ఆ క్యాసెట్ కొనొచ్చు. 2002లో ప్లేస్టేషన్ 2 మీద దీనికి వార్ ఆఫ్ ది విస్కర్స్ అని తమ్ముడొచ్చింది, నలుగురు కూర్చుని ఆడటానికి అది ఇంకా బాగుంటుంది.

రోడ్ రన్నర్ విషయంలో జరిగిన పొరపాటు ఇంకో రకం. 1992లో సన్‌సాఫ్ట్ సూపర్ నింటెండో మీద తీసిన గేమ్‌లో మనం ఆడేది రోడ్ రన్నర్‌గా. కానీ ఆ కార్టూన్‌కి హీరో ఆ పక్షి కాదు కదా! పక్షికి కష్టం లేదు, ఆశ లేదు, ఓటమి లేదు. కష్టపడేదీ, ప్లాన్లు గీసేదీ, ఆక్మీ కంపెనీ సరుకులు తెప్పించుకునేదీ, కొండ మీద నుంచి పడేదీ దాని వెంటపడే తోడేలు, కయోటీ. ఎప్పుడూ గెలిచేవాడిగా ఆడిస్తూ మళ్ళీ దాన్ని కష్టమైన గేమ్ చెయ్యాలంటే ఆ పక్షిని గోతుల్లో పడెయ్యాలి, పడెయ్యగానే అది రోడ్ రన్నర్ కాకుండా పోతుంది. 1995లో నింటెండోకి పోటీ కంపెనీ సెగా మెషీన్ మీద వచ్చిన డెసర్ట్ డిమాలిషన్‌లో ఇద్దరిలో ఎవర్నైనా ఎంచుకోవచ్చు, కయోటీని ఎంచుకుంటే ఆక్మీ పెట్టెలు తెరిచి లోపలున్నవి వాడుకోవచ్చు. నేను ఆ గేమ్‌లో పక్షిని ముట్టుకోను.

ఈ మొత్తం వర్గంలో నేను అందరికీ చెప్పే పేరు ఇంకోటుంది, ఎక్కువమంది వినలేదంటారు. 2001లో మొదటి ప్లేస్టేషన్ మీద ఇన్ఫోగ్రామ్స్ నుంచి వచ్చింది, అమెరికాలో షీప్ రైడర్, యూరప్‌లో షీప్ డాగ్ ఎన్ వుల్ఫ్. 1953లో చక్ జోన్స్ మొదలుపెట్టిన ఆ కార్టూన్లు గుర్తున్నాయా, తోడేలు, కాపలా కుక్క పొద్దున్నే డ్యూటీ కార్డు పంచ్ చేసి, గుడ్ మార్నింగ్ చెప్పుకుని, రోజంతా కొట్టుకుని, సాయంత్రం మళ్ళీ మర్యాదగా ఇంటికెళ్ళిపోతారు. గేమ్‌లో మనం ఆ తోడేలు. గొర్రెని దొంగిలించాలి, కుక్క చూడకూడదు, చూస్తే ఒక్క గుద్దు. చేతిలో ఉండేవి ఆక్మీ సరుకులే. ఒక మాట చెప్పనా, పొదలాగా వేషం వేసుకుని నెమ్మదిగా జరుగుతూ పోతుంటే, కుక్క తల తిప్పినప్పుడల్లా ఆగిపోతూ పోతుంటే, మనకి తెలియకుండానే ఊపిరి బిగబడుతుంది, అంత టెన్షన్‌లోనూ నవ్వొస్తుంది. ప్లాన్ తప్పి గుద్దు తిన్నా నవ్వే, ఎందుకంటే తోడేలు పని ఓడిపోవడమే. చాలా గేమ్స్‌లో చచ్చిపోతే విసుగు, ఇందులో చచ్చిపోవడమే జోకు. తెల్ల చదరం పెట్టి చూడండి, అయినా అది ఆ తోడేలే.

బొమ్మల సంగతికొస్తే, నేను గ్రాఫిక్స్‌ని పూర్తిగా కొట్టిపారేసే మనిషిని కాదు. 1993లో అలాద్దీన్ రెండు మెషీన్ల మీద రెండు వేర్వేరు గేమ్స్‌గా వచ్చింది. సెగా గేమ్‌కి డిస్నీ యానిమేటర్లే కాగితం మీద బొమ్మలు గీసిచ్చారు, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించారు, అందుకే అలాద్దీన్ కత్తి తిప్పుతుంటే సినిమా చూస్తున్నట్టే ఉంటుంది. సూపర్ నింటెండోది క్యాప్‌కామ్ తీసింది, డిజైన్ చేసింది తర్వాత రెసిడెంట్ ఈవిల్ అనే భయపెట్టే గేమ్ తీసిన షింజి మికామి. అందులో కత్తి లేదు, ఎగరడం, వేలాడటం, శత్రువు నెత్తిన కాలు మోపి గెంతడం. ఏది గొప్పది అని ముప్పై ఏళ్ళుగా కొట్టుకుంటున్నారు. నా ఓటు సూపర్ నింటెండోకే. దొంగ కుర్రాడు ఊరి కప్పుల మీద గెంతుకుంటూ పారిపోవడమే అసలు అలాద్దీన్, కత్తి పట్టుకుని కాపలాదారులతో యుద్ధం చెయ్యడం కాదు. కానీ అతిథులొస్తే పెట్టి చూపించేది మాత్రం సెగాదే, అది వేరే విషయం.

మిక్కీ మేనియా గురించి కూడా ఒక మాట. 1994లో ట్రావెలర్స్ టేల్స్ అనే కంపెనీ తీసింది. ప్రతి లెవెలూ ఒక పాత మిక్కీ కార్టూన్. మొదటిది 1928 స్టీమ్‌బోట్ విల్లీ, మొత్తం నలుపు తెలుపుల్లో మొదలై, ముందుకి పోతున్న కొద్దీ మెల్లగా రంగులు చేరతాయి. తర్వాత పిచ్చి డాక్టరు, దుప్పి వేట, దెయ్యాల కొంప. దుప్పి మన వెనక పడి తెరలోంచి మన మీదకే వస్తున్నట్టు పరిగెత్తే లెవెల్, ఆ రోజుల్లో ఆ మెషీన్ మీద అలాంటిది చూపించడం సామాన్యం కాదు. ఆటగా అది మామూలే, దెబ్బలు ఎక్కడ తగులుతున్నాయో ఒక్కోసారి అర్థం కాదు. కానీ కార్టూన్ చరిత్ర మీద అంత ప్రేమగా తీసిన గేమ్ ఇంకోటి లేదు, కాబట్టి మార్కులు కొయ్యడానికి చెయ్యి రాదు.

ఇక కొత్తగా సేకరించాలనుకునే వాళ్ళ కోసం కొన్ని పని విషయాలు. మొట్టమొదటిది, పేరు చూసి కొనొద్దు, ఏ మెషీన్‌దో చూసి కొనండి. అలాద్దీన్ ఒక్కటే కాదు, 1995 స్కూబీ డూ మిస్టరీ సెగా మీద బొమ్మల మీద క్లిక్ చేసుకుంటూ ఆధారాలు వెతికే గేమ్, సూపర్ నింటెండో మీద గెంతే గేమ్. ఒకే పేరు, ఒకే సంవత్సరం, సంబంధం లేని ఆటలు. రెండోది, ఏ ప్రాంతం క్యాసెట్టో చూసుకోండి. యూరప్ క్యాసెట్లు సెకనుకి 50 ఫ్రేముల టీవీల కోసం తయారైనవి, జపాన్, అమెరికావి 60 కోసం. సరిగ్గా మార్చకుండా వదిలేసిన యూరప్ గేమ్స్ చాలానే ఉన్నాయి, అవి దాదాపు 17 శాతం నెమ్మదిగా నడుస్తాయి, సంగీతం కూడా ఈడ్చుకుంటూ వస్తుంది. కార్టూన్ గేమ్‌కి ఇది ప్రాణాంతకం, కామెడీ అంతా టైమింగ్ మీదే కదా. నింటెండో 8-బిట్ క్యాసెట్‌కి 72 పిన్నులు, ఫామికామ్‌ది 60, ఒకదాంట్లో ఒకటి నేరుగా పట్టదు, అడాప్టర్ కావాలి.

క్యాసెట్ పని చెయ్యకపోతే నోటితో ఊదకండి. అందరం ఊదినవాళ్ళమే, కానీ నోటి తడి పిన్నుల మీద చేరి మెల్లగా తుప్పు పట్టిస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి, చాలావరకు "చచ్చిపోయిన" గేమ్స్ అక్కడే లేచి కూర్చుంటాయి. నింటెండో క్యాసెట్ విప్పాలంటే మామూలు స్క్రూడ్రైవర్ పనికిరాదు, 3.8 మిల్లీమీటర్ల ప్రత్యేకమైన బిట్ ఉంటుంది, అదొకటి దగ్గర పెట్టుకోండి, నకిలీని పట్టుకోవడానికి కూడా అదే ఆయుధం. లేబుల్ ఎంత బాగా అచ్చు వేసినా, లోపల బోర్డు చూస్తే దొంగతనం బయటపడుతుంది, పాత బోర్డు, పాత చిప్పులు ఉండాల్సిన చోట తళతళలాడే కొత్త బోర్డు ఉంటుంది. అరుదైన క్యాసెట్ ఫోటోలో లోపలి బోర్డు చూపించడానికి అమ్మేవాడు నసుగుతుంటే అక్కడితో వదిలెయ్యండి.

కార్టూన్ గేమ్స్ సేకరించేవాళ్ళకి ఒక సుఖం కూడా ఉంది. జెల్డా లాంటి వాటిలో సేవ్ కోసం బ్యాటరీ ఉంటుంది, అది చచ్చిపోతే సేవ్‌లు పోతాయి, సోల్డరింగ్ చేసి మార్చాలి. మనవాటిలో ఎక్కువ వాటికి బ్యాటరీయే లేదు, పాస్‌వర్డ్ ఉంటే గొప్ప, లేకపోతే మొదట్నుంచీ ఆడుకోవడమే. ఆ కాలం కార్టూన్ గేమ్స్ అంత కష్టంగా ఉండటానికి కూడా ఒక కారణం వ్యాపారమే. అమెరికాలో గేమ్స్ అద్దెకిచ్చేవారు, రెండు రోజుల్లో పూర్తయిపోతే ఎవడు కొంటాడు? 1994 లయన్ కింగ్ గేమ్‌లో కోతుల లెవెల్ దగ్గర ఏడ్చిన పిల్లలకి కారణం ఇదేనని తీసినవాళ్ళే తర్వాత చెప్పారు. అందుకే రివ్యూ రాసేటప్పుడు కష్టాన్ని రెండుగా చూస్తాను, ఆడేకొద్దీ నేర్చుకునేది ఒకటి, అద్దె గంటలు పెంచడానికి పెట్టింది ఒకటి. రెండోదాని మీద నాకు జాలి లేదు.

టీవీ విషయం. వీలైతే పాత డబ్బా టీవీ మీద ఆడండి. కొత్త ఫ్లాట్ టీవీలు బొమ్మని ముందు సవరించి తర్వాత చూపిస్తాయి, ఆ కాస్త ఆలస్యానికే స్క్రూజ్ కర్ర గురి తప్పుతుంది. కొత్త టీవీయే ఉంటే గేమ్ మోడ్ పెట్టుకోండి, కొంత నయం.

ప్రస్తుతం నా చేతిలో ఉన్నది కొనామి 1994 యానిమేనియాక్స్, ముగ్గురు తోబుట్టువుల అల్లరి కార్టూన్ మీద తీసింది, మళ్ళీ రెండు మెషీన్లు, రెండు వేర్వేరు గేమ్స్. సెగాదాంట్లో ముగ్గురికీ మూడు పనులు, యాకో దారానికి కట్టిన బంతితో కొడతాడు, వాకో సుత్తితో బాదుతాడు, డాట్ ముద్దులు విసిరి దారిలో అడ్డొచ్చినవాళ్ళని కరిగిస్తుంది, ఏ గదిలో ఎవర్ని ముందుకి తోయాలో ఆలోచించాలి. డాట్ ముద్దు ఒక్కటి చాలు, ఆ చదరం ఎవరో చెప్పెయ్యొచ్చు. సూపర్ నింటెండోదాంట్లో ముగ్గురూ ఒకరి వెనక ఒకరు పరిగెడుతూ ఉంటారు, ఇప్పటివరకు ఆడినంతలో ముగ్గురికీ తేడా కనపడలేదు. ముందు దాన్ని పూర్తి చేసి, తర్వాత రెండింటికీ కలిపి రివ్యూ పెడతాను.